వచ్చి వెళ్ళేవాళ్ళు చేయగల పని

ఎండాకాలం సెలవుల్లో తమిళనాడులో వేలూరు దగ్గరున్న గుడియాత్తం వైపు ఏదైనా పిల్లల హోంకి వెళ్ళి, నెల రోజులు సేవ చేసి వద్దామని టికెట్ బుక్ చేసుకోబోతున్నారా? కాస్త ఆగండి. మే నెలలో మీరు దిగేసరికి ఆ హోంలో చాపలన్నీ చుట్టి మూలకి నిలబెట్టి ఉండొచ్చు. పిల్లలేరీ అని వార్డెన్‌ని అడిగితే, "సెలవులు గదమ్మా, అందరూ ఊళ్ళకి పోయినారు" అంటుంది. అనాథ పిల్లలకి ఊరెక్కడిది, సెలవులకి వెళ్ళడానికి ఇల్లెక్కడిది అని మీకు అక్కడే అనుమానం రావాలి.

వస్తే మంచిదే. ప్రపంచంలో ఇలాంటి సంస్థల్లో పెరుగుతున్న ప్రతి ఐదుగురు పిల్లల్లో కనీసం నలుగురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని సేవ్ ది చిల్డ్రన్ సంస్థ 2009లో ఒక నివేదికలో చెప్పింది. గుడియాత్తం చుట్టూ ఉన్న పాత ఉత్తరార్కాడు పల్లెల్లో కారణాల కోసం ఎంతో దూరం వెతకనక్కర్లేదు. తండ్రి తాగుడికి పోయాడు. తల్లి ఒక్కతే బీడీలు చుట్టో, అగ్గిపెట్టెల పనికి వెళ్ళో సంసారం ఈదుతోంది. లేదంటే ఇద్దరూ ఇటుక బట్టీలకు వలసపోయారు, బిడ్డను వెంటబెట్టుకుపోతే చదువు పోతుంది. హోంలో వేస్తే బడి ఉంటుంది, మూడు పూటలా అన్నం ఉంటుంది. ఆ లెక్క వేసుకుని, కళ్ళు తుడుచుకుని, బిడ్డను దింపి వెళ్తారు. మీరు ఎత్తుకుని ఫొటో దిగబోయే పిల్లకి చాలాసార్లు ఒక అమ్మ ఉంటుంది. ఆ ఫొటోకి ఆమెను ఎవరూ అడగరు.

ఈ అధ్యాయం నర్సింగ్ చదివేవాళ్ళ కోసం. విజయవాడలోనో వరంగల్‌లోనో బీఎస్సీ మూడో సంవత్సరంలో ఉన్నవాళ్ళకూ పనికొస్తుంది గానీ, రాసేటప్పుడు నా కళ్ళముందున్నది ముఖ్యంగా న్యూజెర్సీలోనో మెల్‌బోర్న్‌లోనో పుట్టి పెరిగిన మన పిల్లలు. అమ్మమ్మ వాళ్ళది చిత్తూరు పక్క, చిన్నప్పుడు వేలూరు కోట చూశాం, అక్కడే ఏదైనా చేద్దాం అనుకునేవాళ్ళు. వాళ్ళకిది పరదేశ ప్రయాణమే. వినబడే మాట సగం తెలుగు కాబట్టి పరదేశమని అనిపించదు. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. సొంత ఊరికి వచ్చినట్టుంటుంది, ఏం చేసినా చెల్లుతుందనిపిస్తుంది.

వెళ్ళొద్దని నేననడం లేదు. వెళ్ళండి. అయితే నెల రోజులకి వచ్చి వెళ్ళే మనిషి చేయదగ్గ పనులు కొన్ని, చేయకూడనివి కొన్ని ఉన్నాయి. చేయకూడనివి కూడా చూడ్డానికి సేవలాగే ఉంటాయి.

గుడియాత్తం రోడ్డు

వేలూరు సీఎంసీ అంటే రాయలసీమలో చెప్పనక్కర్లేదు. చిత్తూరైనా తిరుపతైనా, పెద్ద జబ్బు అనగానే కాట్పాడి రైలెక్కడమే. ఆ ఆస్పత్రి పెట్టిన ఐడా స్కడర్ పేరు రాగానే అందరూ ఒక కథ చెబుతారు. ఆమె 1870లో రాణిపేటలో, తరతరాలుగా మిషనరీ డాక్టర్లున్న కుటుంబంలో పుట్టింది. అమెరికాలో చదువుకుంటూ, జబ్బుపడిన తల్లికి సాయంగా 1890 ప్రాంతంలో తిండివనం వచ్చింది. కొన్నాళ్ళుండి వెళ్ళిపోవాలన్నదే ఆమె ఉద్దేశం. ఒక రాత్రి ముగ్గురు మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తలుపు తట్టారు. కాన్పు కష్టమైన తమ భార్యల్ని వచ్చి చూడమన్నారు. డాక్టరు మా నాన్నగారు, ఆయన్ని తీసుకెళ్ళండి అందామె. పరాయి మగవాడు లోపలికి రావడానికి వీల్లేదన్నారు వాళ్ళు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్ళూ పోయారు.

ఈ కథను త్యాగం గురించి చెప్పడానికి వాడుతుంటారు. నర్సింగ్ విద్యార్థి ఇందులో చూడవలసింది ఇంకొకటి ఉంది. ఆ రాత్రికి ఐడా కూడా మీలాగే చుట్టపుచూపుగా వచ్చిన మనిషి. మనసుంది, చేతిలో విద్య లేదు. రాని పనికి ఆమె చెయ్యి పెట్టలేదు. వెనక్కి వెళ్ళి, 1899లో కార్నెల్‌లో వైద్య పట్టా పుచ్చుకుని, 1900లో వేలూరు తిరిగొచ్చింది. ముందు ఇంట్లోనే చిన్న వైద్యశాల, 1902లో ఆస్పత్రి.

నాకు అంతకన్నా నచ్చేది ఆ తర్వాతి భాగం. ఆస్పత్రిదాకా రాలేని పల్లెవాళ్ళ కోసం ఆమె వారం వారం గుడియాత్తం రోడ్డు పట్టుకుని వెళ్ళేది. మొదట్లో బండి మీద, తర్వాత ప్యూజో కారులో. దారి పొడుగునా చెట్ల కింద ఆగడం, రోగుల్ని చూడడం, పుళ్ళు కడిగి కట్లు కట్టడం, మళ్ళీ బయల్దేరడం. కారును మొదటిసారి చూసి జనం దయ్యమనుకుని పరుగెత్తారని చెప్పుకుంటారు. తర్వాత్తర్వాత ఆ చెట్ల కిందే గుంపులు గుంపులుగా కాచుకుని కూర్చునేవారు. మందులు మారాయా? లేదు. ఈ డాక్టరమ్మ పోయిన వారం వచ్చింది, ఈ వారమూ వస్తుంది అన్న నమ్మకం కుదిరింది. కట్టు కట్టిన మనిషి దాన్ని విప్పి చూడ్డానికి రాకపోతే ఆ కట్టు కింద ఏమవుతుందో మీకు నేను చెప్పాలా!

ఆమె అంతటితో ఆగలేదు. 1909లో వేలూరులో నర్సుల శిక్షణ మొదలైంది. 1946లో మన దేశంలో నర్సింగ్ డిగ్రీ మొదటిసారి పెట్టిన రెండు చోట్లలో వేలూరు ఒకటి, రెండోది ఢిల్లీ. సముద్రం దాటి వచ్చేవాళ్ళ మీద ఆధారపడితే ఎన్నాళ్ళు సాగుతుంది, ఇక్కడి ఆడపిల్లలకే నేర్పాలి అన్నది దాని వెనకున్న లెక్క. 1977లో సీఎంసీ గ్రామీణ ఆరోగ్య విభాగం 'రూసా'ను పెట్టింది కూడా గుడియాత్తం వెళ్ళే దారిలోనే, కె.వి.కుప్పంలో. నూరేళ్ళ పైబడి ఆ రోడ్డు మీద వైద్యం నడిచిందంటే వచ్చిపోయేవాళ్ళు ఎక్కువై కాదు, ఉండిపోయేవాళ్ళు తయారవడం వల్ల.

కాబట్టి టికెట్ కొనేముందు మిమ్మల్ని మీరు ఒక్క ప్రశ్న అడగండి. నేను విమానమెక్కిన తర్వాతి మంగళవారం ఆ హోంలో నా వల్ల ఏం జరుగుతుంది?

ఒళ్ళోకి ఎక్కే బిడ్డ

మీరు గేటు దాటగానే ఒక నాలుగేళ్ళ పిల్ల పరుగెత్తుకొచ్చి నడుం చుట్టేస్తుంది. పేరు కూడా అడక్కుండా ఒళ్ళోకి ఎక్కుతుంది, మెడ వదలదు. మీ కళ్ళు చెమరుస్తాయి. ఎంత ప్రేమో అనుకుంటారు. పీడియాట్రిక్ నర్సింగ్ పుస్తకం ఒకసారి గుర్తు తెచ్చుకోండి. సరైన అండ ఉన్న నాలుగేళ్ళ బిడ్డ కొత్త మనిషిని చూస్తే ఏం చేస్తుంది? అమ్మ కొంగు వెనక దాక్కుంటుంది. కాసేపు తొంగి చూసి, అమ్మ ముఖం చూసి, అప్పుడు గానీ ముందుకు రాదు. ఎవరొస్తే వాళ్ళ ఒళ్ళోకి ఎక్కే బిడ్డని చూస్తే మనకు ముద్దొస్తుంది, కానీ ముందుగా రావలసింది ఆందోళన.

దీని మీద లోతుగా జరిగిన పని రొమేనియాలో ఉంది. 1989లో అక్కడ చౌషెస్కూ పాలన కూలాక, వేలాదిమంది పిల్లలు ప్రభుత్వ అనాథాశ్రమాల్లో మగ్గుతున్నారని లోకానికి తెలిసింది. 2000లో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే పరిశోధకులు బుకారెస్టులో 136 మంది పసిపిల్లలతో అధ్యయనం మొదలుపెట్టారు. సగం మందిని పెంపుడు కుటుంబాల్లో ఉంచారు, మిగతావాళ్ళకి మామూలుగా జరిగేదే జరిగింది. రెండేళ్ళలోపే ఒక ఇంటికి చేరిన పిల్లలు మనుషులతో ముడిపడడంలో బాగా కోలుకున్నారు. సంస్థల్లో ఉండిపోయిన వాళ్ళలో చాలామందికి ఫలానా మనిషి నా మనిషి అన్న ముడి సరిగా పడలేదు. తిండి, పక్క ఉన్నా, నిలకడగా ఉండే మనిషి కరువైతే ఏమవుతుందో చూపించిన పరిశోధన ఇది.

ఇప్పుడు మీ నెల రోజుల్ని ఇందులో పెట్టి చూడండి. మీ ముందు డిసెంబరులో ఒక అక్క వచ్చింది, కథలు చెప్పింది, పోయింది. మార్చిలో ఇద్దరన్నలు వచ్చారు, క్రికెట్ ఆడారు, పోయారు. ఇప్పుడు మీరు. ప్రతి ఒక్కరూ మనసారా ప్రేమించారు, ఒక్కరూ మిగల్లేదు. ఆస్ట్రేలియా పార్లమెంటు విచారణల్లోనూ, 2019లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ చేసిన తీర్మానంలోనూ అనాథాశ్రమాల్లో స్వచ్ఛంద సేవ పేరిట జరిగే పర్యటనల మాట వచ్చిందంటే ఊరికే రాలేదు. కొన్ని దేశాల్లో విదేశీ సందర్శకుల కోసమే తల్లిదండ్రులున్న పిల్లల్ని తెచ్చి అనాథలుగా చూపించిన ఉదంతాలు బయటపడ్డాయి.

అయితే రాయిలా ఉండాలా? అక్కర్లేదు. ఆ ఇంట్లో నిలకడగా ఉండే మనిషి ఒకామె ఉంటుంది, ఆయమ్మ. తెల్లారకముందే లేచి నీళ్ళు కాస్తుంది, ఇడ్లీలు పెడుతుంది, గిన్నెలు తోముతుంది. బడి వేళకి ఇరవైమంది ఆడపిల్లలకి రెండేసి జడలు వేసి, రిబ్బన్లు మడిచి కట్టాలి. ఆ హడావుడిలో జడ వేయడమంటే జుట్టు లాగడమే. మీకు సహజంగా ఏమనిపిస్తుంది? నేను జడలు వేస్తాను, మీరు గిన్నెలు తోముకోండి అనిపిస్తుంది. తిరగేయండి. గిన్నెలు మీరు తోమండి, జడలు ఆయమ్మని నింపాదిగా వేయనివ్వండి. నూనె రాసి, చిక్కు తీస్తూ, నిన్న బడిలో ఏం జరిగిందని అడిగే తీరిక ఆమెకి దొరకాలి. పిల్ల మోకాలు చెక్కుకుపోయి ఏడుస్తూ మీ దగ్గరికొస్తే కడిగి మందు రాయండి, తర్వాత చెయ్యి పట్టుకుని ఆయమ్మ దగ్గరికి తీసుకెళ్ళండి. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవడానికి ఇందులో ఏమీ దొరకదు, నాకు తెలుసు.

చేతిలో ఉన్న చదువు

మీరు నర్సింగ్ విద్యార్థి అన్న సంగతి ఇక్కడ అక్కరకు వస్తుంది. ముందు ఒక గీత గీసుకోండి. మీ కాలేజీ క్లినికల్ పోస్టింగులో మిమ్మల్ని ఒంటరిగా చేయనివ్వని పని ఇక్కడా చేయకూడదు. ఇంజెక్షన్ వేయడం, కుట్లు వేయడం, పక్క ఇంటివాళ్ళ బీపీ మందు మార్చమని సలహా ఇవ్వడం, ఏదీ కూడదు. అక్కడ తప్పైనది ఇక్కడ పేదవాళ్ళ మీద చేస్తే ఒప్పు కాదు. ఇక్కడి నర్సింగ్ కౌన్సిల్‌లో మీ పేరు లేదు. సూట్‌కేసులో మందులు కూడా తేవద్దు. బళ్ళలో ఏడాదికి రెండు విడతలుగా నులిపురుగులకి ఆల్బెండజోల్ ఇస్తారు. మీరు తెచ్చిన డబ్బాలోంచి ఇంకొకటి మింగించడం దేనికి?

చేయగలిగింది బోలెడుంది. బరువు, ఎత్తు కొలవడంతో మొదలుపెట్టండి. తేలిక పనిలా ఉంటుంది, సరిగ్గా చేసిన కాగితం అరుదుగా కనిపిస్తుంది. చెప్పులు, బెల్టు తీయించాలి, జేబులో గోళీలుంటే బయట పెట్టించాలి. గోడకి మడమలు, పిరుదులు, తల వెనకభాగం ఆనాలి, చూపు నేరుగా ఉండాలి. ఆడపిల్లలకి మడత జడలు నడినెత్తి మీదికి వచ్చి ఉంటే, అట్ట పుస్తకం తల మీద పెట్టినప్పుడు అది రిబ్బన్ మీద కూర్చుంటుంది, ఎత్తు రెండు సెంటీమీటర్లు పెరుగుతుంది. రిబ్బన్ పక్కకి జరిపి కొలవండి. ఆ అంకెను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పట్టిక మీద చుక్కగా పెట్టండి. ఒక చుక్కతో ఏమీ తేలదు. నెల నెలా పెట్టిన చుక్కలు కలిపితే గీతవుతుంది, ఆ గీత వంగితే కబురు చెబుతుంది. నెల నెలా పెట్టడానికి మీరుండరు కాబట్టి మొదటి వారమే వార్డెన్‌నీ, పై తరగతి పిల్లలిద్దర్నీ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పండి. రెండో విడత వాళ్ళు కొలవాలి, మీరు చూడాలి.

రిజిస్టరు తమిళంలో ఉండాలి. గుడియాత్తంలో ఇంట్లో తెలుగు మాట్లాడే ఆయమ్మలు చాలామందికి చదవడం, రాయడం తమిళంలోనే వచ్చు. మీరు ముచ్చటపడి తెలుగులో రాసినా, అలవాటుకొద్దీ ఇంగ్లీషులో రాసినా, మీరు వెళ్ళాక ఆ పుస్తకం బీరువా పైకెక్కుతుంది.

తర్వాత గజ్జి. ఒకే గదిలో, పక్కపక్క చాపల మీద పడుకునే పిల్లలకి ఇది తప్పని పీడ. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, నడుం చుట్టూ చిన్న చిన్న పొక్కులు, రాత్రిపూట ఎక్కువయ్యే దురద. పగలు చూస్తే ఏమీ లేనట్టుంటుంది, రాత్రి దీపాలార్పాక చప్పుడు వినండి. గోకుతున్న ఒక్క పిల్లకి మందు రాస్తే వారంలో మళ్ళీ వస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు చూసి పర్మెత్రిన్ రాసిస్తే, దురద లేనివాళ్ళతో సహా ఇంట్లో అందరూ, ఆయమ్మతో సహా, ఒకే రాత్రి మెడ దగ్గర్నుంచి అరికాళ్ళదాకా రాసుకోవాలి. పొద్దున్నే స్నానం. బట్టలు, దుప్పట్లు వేడినీళ్ళలో నానబెట్టి ఎండలో వేయాలి. (వేలూరు ఎండని తిట్టనివాళ్ళు ఉండరు, ఈ ఒక్క పనికి మాత్రం దాన్ని మించింది లేదు.) వారం తర్వాత మళ్ళీ ఒకసారి. దీనికి కావలసింది పెద్ద విద్యేం కాదు, నలభైమందిని ఒక రాత్రికి ఒక్క మాట మీద నిలబెట్టే ఓపిక. ఆ ఓపిక ఆయమ్మకి మిగల్దు, మీకు ఉంటుంది.

రక్తహీనత సంగతీ ఇలాంటిదే. బళ్ళలో వారానికొక ఐరన్ మాత్ర ఇస్తారు. ఐదు నుంచి తొమ్మిదేళ్ళవాళ్ళకి గులాబి రంగుది, పదేళ్ళు దాటితే నీలం రంగుది. పరగడుపున మింగితే కడుపులో తిప్పుతుంది, అందుకని పిల్లలు చాటుగా ఉమ్మేస్తారు. అన్నం తిన్నాక మింగితే ఇబ్బంది తగ్గుతుందని ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి చాలు. చూపు సరిగా లేని బిడ్డ, పిలిస్తే పలకని బిడ్డ, ఆడుతుంటే ఆయాసపడే బిడ్డ మీ కంటపడితే, మీరే తీసుకుని పెద్దాస్పత్రికి పరుగెత్తకండి. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల్ని చూడ్డానికి ప్రభుత్వ బృందాలున్నాయి. ఆ బృందం ఎప్పుడొస్తుందో, మీ హోం పిల్లలు ఆ రోజు బడిలో ఉంటారో లేదో కనుక్కోండి. ఆరోగ్య కేంద్రంలోని నర్సమ్మ ఫోన్ నంబరు వార్డెన్ గది గోడ మీద రాయించగలిగితే మీ ప్రయాణం గిట్టుబాటైనట్టే.

ఏ హోం

అడగ్గానే "రండమ్మా, ఎన్నాళ్ళైనా ఉండండి" అనే హోం కంటే, పోలీసు ధ్రువపత్రం తెమ్మని, కాలేజీ ఉత్తరం తెమ్మని, హెపటైటిస్ బీ టీకా వేయించుకున్నారా అని విసిగించే హోం మేలు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ప్రతి పిల్లల సంస్థా రిజిస్టరై ఉండాలి, పిల్లలు బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు మీద అక్కడ ఉండాలి. ఆ రెండు కాగితాల గురించి మర్యాదగా అడగండి. మొహమాటపడాల్సిన పని లేదు. రోజుకింత అని మీ దగ్గర రుసుము తీసుకుని, పిల్లలతో డాన్సు చేయించి చూపించే చోటైతే ఒక దండం పెట్టి వచ్చేయండి. వీసా ఏ పనికి అనుమతిస్తుందో బయల్దేరకముందే కనుక్కోండి.

ఫొటోల విషయం ఆ చట్టమే తేల్చేసింది. సంరక్షణలో ఉన్న బిడ్డ ఎవరో తెలిసేలా పేరు, ఫొటో, బడి వివరాలు ప్రచురిస్తే 74వ సెక్షన్ కింద ఆరు నెలలదాకా జైలు, రెండు లక్షలదాకా జరిమానా, లేదా రెండూ. ముఖం మీద నవ్వు బొమ్మ అంటించి పెట్టాను కదా అంటారు. వెనక గోడ మీద హోం పేరు కనిపిస్తూనే ఉంటుంది. ఏ బిడ్డైనా తనని ఎవరో కొడుతున్నారనో, ముట్టుకుంటున్నారనో చెబితే మీరు విచారణ మొదలుపెట్టకండి. విన్నది విన్నట్టు రాసుకుని, 1098కి ఫోన్ చేయండి.

మే నెల సంగతి మొదట్లో చెప్పాను. పిల్లలున్నా ఆ నెల మధ్యలో గుడియాత్తం గంగమ్మ శిరసు తిరునాళ్ళు. ఆ జనంలో బస్సు కదలదు, ఆరోగ్య కేంద్రం పని సాగదు. తిరునాళ్ళు చూడాలంటే చూడండి, అది వేరే ముచ్చట. పనికైతే జూన్‌లో బళ్ళు తెరిచాక వెళ్ళండి.

మళ్ళా ఎప్పుడొస్తావక్కా

ఈ ప్రశ్న తప్పదు. చాలామంది "త్వరలోనే వస్తా" అనేసి విమానమెక్కుతారు. పిల్లలు ఆ మాట పట్టుకుని కూర్చుంటారు. రానని తెలిస్తే రానని చెప్పండి. అదీ చివరి రోజున కాదు, మొదటి రోజునే గోడ క్యాలెండరులో మీరు వెళ్ళే తేదీకి గుండ్రంగా చుట్టి చూపించండి. రోజూ ఒకటి కొట్టేయనివ్వండి. చిన్నపిల్లలకి నెల అంటే అర్థం కాదు, గళ్ళు అర్థమవుతాయి. వెళ్ళే రోజు రాత్రి చీకట్లో చెప్పకుండా జారుకోవద్దు. పొద్దున, టిఫిన్లయ్యాక, అందరి ముందూ చెప్పి వెళ్ళండి. మీ ఫోన్ నంబరు పిల్లలకి ఇవ్వకండి, వార్డెన్‌కి ఇవ్వండి.

చివరి వారంలో మీ పని దాదాపు ఏమీ ఉండకూడదు. రిజిస్టరు వార్డెన్ రాస్తుండాలి, ఆరోగ్య కేంద్రానికి ఆయమ్మే ఫోన్ చేస్తుండాలి, మీరు గిన్నెల దగ్గరుండాలి. తిరిగి వెళ్ళాక నెలకొకసారి, ముందే అనుకున్న రోజున, వార్డెన్‌కి ఫోన్ చేయండి. పేర్లు వద్దు, రిజిస్టరులోని వరస నంబర్లు చాలు. పద్నాలుగో నంబరు బరువు రెండు నెలలుగా పెరగలేదని తెలిస్తే, ఆరోగ్య కేంద్రంలో చూపించారా, డాక్టరు ఏమన్నారు అని అడగండి. చూపించలేదంటే కోప్పడకండి, ఎందుకు కుదరలేదో కనుక్కోండి. ఆటోకి డబ్బుల్లేకనో, వెంట వెళ్ళే మనిషి లేకనో అయ్యుంటుంది. ఆటో డబ్బులు మీరు పంపగలరు.